మళ్ళీ ఆవగింజ దగ్గర్నించి

పడవ అవతలి ఒడ్డునే ఉంది. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది. రత్తమ్మ కొవ్వూరు రేవులో, నీళ్ళు తాకే మెట్టుకి రెండు మెట్లు పైన గొంతుక్కూర్చుని, కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చూసి చూసి కళ్ళు నీళ్ళు కారుతున్నాయిగాని ఆ నల్లచుక్క మాత్రం రాజమండ్రి గట్టుని వదలడం లేదు. ఎర్రనీళ్ళొచ్చేశాయి, వడి ఎక్కువగా ఉంది, జనం నిండితేగాని తియ్యరని తాడు చుట్టుకుంటున్న మనిషి నింపాదిగా చెప్పి చుట్ట ముట్టించుకున్నాడు. నింపాది. లోకంలో అందరికీ నింపాదే. గోదావరికి నింపాది, పడవకి నింపాది, ఆ చుట్టకి నింపాది. ఒక్క తనకే అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంది. చిన్నకొడుకు అమ్మిరాజుకి నిన్నటితో మండలం పూర్తయింది. నలభై రోజులు కోరుకొండ నరసింహస్వామి కొండ కింద, నల్లమందు ముట్టకుండా. ఇవాళ పొద్దున్నే బయల్దేరి నడుచుకుంటూ రాజమండ్రి వస్తాడు. రేవుకొచ్చే దారిలోనే ఉంది నల్లమందు కొట్టు, సర్కారువారి లైసెన్సు బల్ల తగిలించుకుని మరీ. ఆ అరుగు దాటితేగాని రేవు రాదు. వాడు అరుగు చేరేలోపల తను చేరాలి. చేరి ఒక్క మాట చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం తెల్లవారుతూనే లేచి మూడు కోసులు నడిచొస్తే, ఇక్కడేమో పడవ లేదు.

ఆ మాటైనా ఏమన్నా మంచి మాటా? తినొద్దురా అని చెప్పడానికైతే ఇంత దూరం రానక్కర్లేదు. ఆ మాట చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. పెద్దాడికి చెప్పింది, చిన్నాడికి చెప్పింది, చీపురు తిరగేసి చెప్పింది, అన్నం మానేసి చెప్పింది, కన్నకొడుకుల కాళ్ళు పట్టుకుని చెప్పింది. ఊఁ అన్నారు. తిన్నారు. ఇప్పుడు చెప్పాల్సింది వేరు. ఒరే, తింటే తింటావుగాని పాత లెక్కన తినకు, ఆవగింజంతే తిను. ఇదీ ఆ మాట. దేవుడి కొండ కింద నలభై రోజులు నానా యాతనా పడి మానుకొచ్చిన కొడుక్కి కన్నతల్లి ఎదురెళ్ళి చెప్పే మాట. దారిపొడుగునా రకరకాలుగా అని చూసుకుంది. ముందు తినొద్దని గట్టిగా చెప్పి, తర్వాత మెల్లిగా ఇది అంటే? ఇది ముందు చెప్పి, తర్వాత ఏడిస్తే? ఎలా అన్నా అదే వస్తోంది, తల్లే తినమన్నట్టు. అసలు వాడు తినకూడదనే వస్తున్నాడేమో. కొట్టు వంక చూడకుండా తలొంచుకుని వచ్చేస్తున్నాడేమో. తను పనిగట్టుకుని గుర్తుచేసినట్టవుతుందేమో. చెబితే తింటాడేమో, చెప్పకపోతే చస్తాడేమో. ఈ రెంటి మధ్యా నలుగుతూ పదిరోజుల నుంచి ముద్ద గొంతు దిగడం లేదు. కొంగు ముడి తడిమి చూసుకుంది. ఉన్నాయి. పోపులపెట్టెలోంచి తెచ్చిన చిటికెడు ఆవాలు.

మీద గొడుగు నీడ పడింది. తలెత్తితే దక్షిణామూర్తి పంతులుగారు. ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పేదీ, పెద్దలకి ముహూర్తాలు పెట్టేదీ ఆయనే. ఇద్దరు కొడుకులకీ ఈ దీక్ష సంగతి చెప్పి కొండకి పంపిందీ ఆయనే, పాపం మంచికే. కొడుక్కి ఎదురెళ్తున్నావా అని అడిగారు. ఆయ్, అవునండి అంది లేచి నిలబడి. ఆయన సంతోషించారు. ఈసారి అంతా సక్రమంగా జరిగిందనీ, ఉద్యాపన చేయించారనీ, అయిదుగురు బ్రాహ్మణులకి భోజనం పెట్టించారనీ, తన బావమరిదే దగ్గరుండి చూసుకున్నాడనీ చెప్పుకొచ్చారు. రత్తమ్మ ప్రతిదానికీ ఆయ్ అంటోంది, కళ్ళు మాత్రం నీళ్ళ మీదే ఉన్నాయి.

"పెద్దాడి విషయంలో జరిగిన లోపం ఈసారి జరగలేదు రత్తమ్మా. మీ అమ్మిరాజుకి ఇంక భయం లేదు. ఆ మాటే వాడికీ కబురు చేశాను."

భయం లేదు. ఎంత చల్లగా చెప్పారు. రత్తమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయ్యా, ఆ భయం లేకపోవడమే నా కొంప ముంచేది, భయం లేదంటే వాడు పాత ఉండ పాత లెక్కనే నోట్లో వేసుకుంటాడు, కాస్త భయపడనివ్వండి అయ్యా. నాలిక చివరిదాకా వచ్చింది. రాలేదు. ఎలా వస్తుంది? పెద్దాడు చిట్టియ్యని స్వామి చంపాడని ఊరంతా అంటే తనూ తలూపింది. ఉద్యాపన లేకుండా వచ్చేశాడు, ఉగ్రస్వామి, ఊరుకుంటాడా, నోట్లో వేసుకున్న పూటే తీసుకుపోయాడు అని ఏడాదిపాటు వచ్చినవాళ్ళందరూ అంటుంటే తనూ కొంగు నోటికడ్డం పెట్టుకుని అవునవునంది. అంత పెద్ద దేవుడు, మోస్తాడులే అనుకుంది. ఆయన కొండ ఆయనకుంది, ఇంకో మాట పడితే ఏం బరువు? అది ఆయన మీద పెట్టేసి తను అన్నం తింది, నిద్రపోయింది. తల్చుకుంటే తన మీద తనకే రోత పుడుతోంది.

గోదావరి మధ్యలో వంతెన స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి కాళ్ళ దగ్గర ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. అదుగో, అక్కడే మొదలైంది. రైలు వంతెన కడుతున్నారు, కూలి బాగుందని అన్నదమ్ములిద్దరూ ఎగురుకుంటూ వెళ్ళారు. స్తంభాల కోసం దింపే బావుల్లో మట్టి తోడే పని. రోజంతా తడి, పొద్దు వాలితే చలిజ్వరం. పక్కవాడు చిట్టియ్యకి ఇచ్చాడు కాస్త నల్లమందు, జ్వరం దిగింది. మర్నాడు పని చెయ్యగలిగాడు. మేస్త్రీ మెచ్చుకున్నాడు. ఇంకేం, తమ్ముడికీ ఇచ్చాడు, అన్న ప్రేమ. తను మాత్రం ఏమంది అప్పుడు? మందే కదా అంది. ఊళ్ళో నల్లమందు లేని గడప ఏది? దగ్గుకి అది, విరేచనాలకి అది, మోకాళ్ళ నొప్పికి అది. సారా తాగినవాడైతే తూలతాడు, తిడతాడు, ఊరంతా చూస్తుంది, పట్టుకోవచ్చు. వీళ్ళు పిల్లుల్లా వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళు, మర్యాదగా, కళ్ళు అరమోడ్చుకుని, కంటిపాప చుక్కంతైపోయి. గొడవ లేదు, అందుకే తెలియలేదు. తెలిసేసరికి రెండుపూటలా శనగగింజంత ఉండ పడితేగాని కాలు కదపని స్థితికి వచ్చారు. ఒక పూట ఆలస్యమైతే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు మెలితిరిగిపోవడం. శనగగింజంత. ఆ కొలత తన వేళ్ళకే బాగా తెలుసు. నూనె చెయ్యితో ఉండ చేసిచ్చేది తనే. వాళ్ళ చేతికిస్తే ఎక్కువ తింటారని తన దగ్గర పెట్టుకుంది. తెలివితేటలు.

పడవ కదిలిందా? లేదు, అది మబ్బు నీడ.

కొలతలు తెలుసు, ఆడవాళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? నాట్ల రోజులొస్తే చంటిపిల్ల తల్లి ఏం చేస్తుంది? రోజంతా నడుం వంచి బురదలో నాటు వేస్తూ పాలకి ఏడ్చే పిల్లని ఎక్కడ పెడుతుంది? ఆవగింజంత నల్లమందు తల్లిపాలలో రంగరించి నాలిక మీద రాస్తుంది. పిల్ల మధ్యాహ్నందాకా పడుకుంటుంది. అందరూ పెట్టిందే, తన అత్త పెట్టింది, తను పెట్టింది, చిట్టియ్యకీ అమ్మిరాజుకీ కూడా పెట్టింది. పిల్ల అలవాటు పడ్డకొద్దీ ఆవగింజ పెసరగింజవుతుంది. కోతలయ్యాక మాన్పిస్తారు. మళ్ళీ నాట్లు వస్తాయి. అప్పుడు, ఇదుగో, ఇక్కడ తన అత్త చెవి మెలేసి మరీ నేర్పింది.

"మళ్ళీ ఆవగింజ దగ్గర్నించి మొదలెట్టాలే. ఒళ్ళు మర్చిపోద్ది. పెసరగింజ పెట్టేవా, పిల్ల గురక పెడతాది. గురక ఇనపడితే ఇంక కూకోకు, ఎత్తుకుని నీళ్ళు కొట్టి తిప్పు."

ఒళ్ళు మర్చిపోద్ది. ఎంత చిన్న మాట. పడమటి వీధిలో ఒకావిడ మర్చిపోయి పాత కొలతే పెట్టింది, ఉయ్యాల్లో పిల్ల గురకపెట్టి గురకపెట్టి ఆగిపోయింది, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆవిణ్ణి తిట్టారు, తనూ తిట్టింది. అంత తెలుసు. ప్రతి ఆడదానికీ తెలుసు. కాని అది పిల్లల సంగతి. మీసాలొచ్చిన మగాడికి అదే లెక్క అని ఎవరికి తోచింది? పంతులుగారికి తోచలేదు, ఆయనకి ఉయ్యాల సంగతులు తెలియవు. మేస్త్రీకి తోచలేదు. తనకి తోచాలి. ముప్ఫైయేళ్ళు ఉయ్యాల దగ్గర కూర్చున్నదానికి తోచాలి. ఉయ్యాల వేరు, మంచం వేరు అనుకుంది.

మంచం. మంచం పెరటి గుమ్మం దగ్గర వేసింది, గాలి వస్తుందని. చిట్టియ్య కొండ నుంచి వచ్చి ఎనిమిది రోజులైంది, బుగ్గలు వచ్చాయి, కూతుర్ని ఎత్తుకుని వీధిలో తిరుగుతున్నాడు. అమ్మిరాజు వంతెన పనిలో ఉన్నాడు. కోడలు రామతులసి కలుపుతీతకి పోయింది. ఆ మధ్యాహ్నం పాడు చలిజ్వరం మళ్ళీ వచ్చింది, రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అమ్మా, కొంచెం ఇయ్యవే అన్నాడు. దీక్ష అయిపోయింది కదమ్మా, జ్వరానికే కదా అన్నాడు. ఇవ్వనంది. కాసేపటికి మళ్ళీ అడిగాడు, చిన్నప్పుడు బెల్లంముక్క అడిగినట్టు. ఎవడికి మనసు ఊరుకుంటుంది? లేచి చూర్లో దాచిన డబ్బీ తీసింది, వేళ్ళకి నూనె రాసుకుంది, ఉండ చేసింది. ఎంత చెయ్యాలని ఆలోచించనే లేదు, వేళ్ళే చేశాయి, శనగగింజంత. నోట్లో తనే పెట్టింది. మంచినీళ్ళు తనే పట్టింది. కాసేపట్లో వణుకు తగ్గింది, పడుకున్నాడు, గురక మొదలైంది. గుర్ గుర్ మని, ఆగి, మళ్ళీ గుర్ మని. అమ్మయ్య, నా తండ్రి, ఎన్నాళ్ళకి ఒళ్ళెరక్కుండా పడుకున్నాడు అనుకుంది. పొరుగావిడ రోట్లో ఏదో దంచుతుంటే, కాస్త ఆగమ్మా, మా వాడు నిద్రపోతున్నాడని చెప్పొచ్చింది కూడాను. పక్కనే ఉయ్యాల్లో చంటిది ఉంది, ఆవగింజంత పెట్టి తల్లి పడుకోబెట్టి వెళ్ళింది. రత్తమ్మ బియ్యంలో రాళ్ళేరుకుంటూ రెండుసార్లు లేచి, ఉయ్యాల మీదికి వంగి, చెవి పెట్టి పిల్ల ఊపిరి విన్నది. గురక లేదు కదా అని చూసుకుంది. లేదు, హాయిగా ఉంది. మళ్ళీ వచ్చి కూర్చుంది. మంచం ఉయ్యాలకి మూరెడు దూరంలో ఉంది. దీపాలు పెట్టే వేళకి పిల్ల లేచి ఏడ్చింది. వాడు లేవలేదు.

రామతులసికి చెప్పలేదు. జ్వరంలో వాడే డబ్బీ వెతుక్కుని తిన్నాడంది. అమ్మిరాజుకీ అదే చెప్పింది. పంతులుగారు స్వామి మాట ఎత్తారు, సరిపోయింది. పదిరోజుల కిందటి దాకా సరిపోయింది. పదిరోజుల కిందట నాట్లు మొదలయ్యాయి. రామతులసి గంప నెత్తినెట్టుకుని గుమ్మంలో ఆగి, చంటిదానికి కోతలప్పట్నించి మందు పెట్టలేదు, ఇప్పుడెంత పెట్టను అత్తా అని అడిగింది. రత్తమ్మ చేట దించకుండానే ఠక్కున చెప్పేసింది, అత్త చెప్పినట్టే, అదే గొంతుతో. మళ్ళీ ఆవగింజ దగ్గర్నించి మొదలెట్టాలే, ఒళ్ళు మర్చిపోద్ది. రామతులసి వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది.

"మరి పెద్దోళ్ళకో అత్తా?"

అంతే. దెప్పిందో, ఊరికే అడిగిందో, ఇప్పటికీ తెలియదు. రత్తమ్మ చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు చంటిదానికి మందు పెట్టొద్దని తనే చంకనేసుకుని చేలోకి పోయింది, గట్టు మీద ఎండలో కూర్చుంది, పిల్ల ఏడుస్తుంటే ఏడవనిచ్చింది. ఏడుపు వింటుంటే ప్రాణానికి హాయిగా ఉంది. అప్పటి నుంచీ లోపల ఒకటే మాట. అమ్మిరాజు ఒళ్ళు మర్చిపోతోంది. ఇవాళ్టికి ముప్ఫైయొకటో రోజు, ముప్ఫైరెండో రోజు, ఒళ్ళు ఇంకా ఇంకా మర్చిపోతోంది. వాడు మానినకొద్దీ ఊళ్ళో అందరూ సంతోషిస్తున్నారు, తనకి మాత్రం ఒక్కో రోజూ గుండె జారిపోతోంది. ఎవరితో చెప్పుకుంటుంది? కబురు పంపుదామంటే ఎవరితో పంపుతుంది, ఏమని పంపుతుంది? ఆవగింజ మాట ఒక్కటే చెబితే వాడు నమ్మడు. అన్నని స్వామి చంపాడని నమ్మినవాడు. ఉద్యాపన చేశాను కదా, ఇంక నాకేంటి అనుకునేవాడు. నమ్మించాలంటే చిట్టియ్య నోట్లో ఉండ పెట్టిన చెయ్యి ఏదో చెప్పాలి. అసలు మాట అది. ఆవగింజ కాదు, గొంతుకి అడ్డం పడుతున్నది అది.

చుక్క కదిలింది. ఈసారి నిజంగానే. వడికి కిందికి కొట్టుకుపోతూ, మళ్ళీ మీదికి ఎదురీదుతూ, స్తంభాల సందున మాయమై, మళ్ళీ కనబడి, ఎంతకీ పెద్దదవదు. దాన్లో ఎక్కి అవతలికి పోవాలి, పోయేసరికి ఎండ నడినెత్తికొస్తుంది, ఈలోపల వాడు కొట్టు దగ్గర. పంతులుగారు ఏదో చెబుతున్నారు, నరసింహస్వామి కృప గురించి. రత్తమ్మ మెట్టు దిగింది. మనుషులు తెలుస్తున్నారు ఇప్పుడు. గంపలు, ఒక మేక, తలపాగాలు. పడవ ముందుకొయ్య పట్టుకుని కావిపంచె కట్టినవాడు ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ నిలబడడం, ఒక భుజం కిందికి వేసి, చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మిరాజు. తెల్లారగట్ల కాదు, ఏ నడిజాములోనో బయల్దేరి ఉంటాడు, ఇంటి మీద బెంగతో. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం కొట్టు గుర్తొచ్చింది. పడవలో ఉన్నాడంటే కొట్టు దాటేశాడన్నమాట. ఆగి దాటాడా, ఆగకుండా దాటాడా? పడవ ఒడ్డుకి రాకముందే మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయింది. వాడు దూకి, నవ్వుతూ, ఎందుకొచ్చేవమ్మా ఇంత దూరం అంటూ రెక్క పట్టుకున్నాడు. రత్తమ్మ గడ్డం పట్టుకుని వాడి మొహం వెలుతురు వైపు తిప్పింది, కళ్ళలోకి చూసింది. కంటిపాప పెద్దదిగా, తేటగా ఉంది. ఇంకా మందు పడలేదు. బుగ్గలు వచ్చాయి వీడికీ. వెనక పంతులుగారు దీవిస్తున్నారు, జనం దిగుతున్నారు, మేక అరుస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇంటి దగ్గర చెప్పొచ్చు, అన్నం పెట్టి చెప్పొచ్చు, రేపు చెప్పొచ్చు. అలా అనిపించిన వెంటనే భయమేసింది, నోరు తెరిచేసింది.

"మీ అన్నని సామి సంపలేదురా. నేను సంపేను. ఆడు తీసుకోలేదు, నేనే సేసి నోట్లో పెట్టేను, పాత లెక్కన."

రెక్క పట్టుకున్న చెయ్యి వదులైంది. పంతులుగారి నోట అపచారం అన్న మాట వినబడింది, జనం దిగడం మానేసి చూస్తున్నారు. చూడనీ. ఇంక ఆగలేదు రత్తమ్మ. మానేసిన ఒళ్ళు మర్చిపోతుందనీ, చంటిపిల్లకైనా నీకైనా అదే లెక్కనీ, తినొద్దనీ, చచ్చినా తినొద్దనీ, ఉండలేకపోతే మాత్రం ఇంతేననీ, కొంగు ముడి విప్పి తడిచేతిలో ఆవాలు పోసి చూపించింది. సగం నీళ్ళలో పడ్డాయి. ఏడవకుండా చెప్పింది, ఏడిస్తే మాట సరిగా వినబడదని. చెప్పడం అయిపోయాక నిలబడింది. కొడతాడేమో, కొట్టనీ. తిట్టి ఊరొదిలి పోతాడేమో. పోనీ, ఎక్కడో ఓచోట బతికుండనీ.

అమ్మిరాజు ఆ ఆవాలవైపు చూశాడు. తర్వాత రొంటినున్న మడత విప్పాడు. విస్తరాకు ముక్క, దారంతో కట్టింది. విప్పితే నల్లగా, గుండ్రంగా, ఇంకా కొరకని ఉండ.

"ఇంటికెళ్ళేక ఏసుకుందామనుకున్నాను. ఒక్కసారికే. ఇంక బయం లేదని పంతులుగారు కబురెట్టేరు కదా అని." ఉండ తల్లి కళ్ళ ముందుకి చాపాడు. "అన్నకి పెట్టింది ఇంతేనా అమ్మా?"

రత్తమ్మ చూసింది. వేళ్ళు గుర్తుపట్టాయి. "అంతే."

గోదాట్లో విసిరేస్తాడనుకుంది. విసరలేదు. ఆకు మళ్ళీ మడిచి, దారం చుట్టి, ఆవాలున్న ఆమె అరచేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు. నీ దగ్గరుంచు, నేనడిగితే ఆవగింజంతే ఇయ్యి, ఏడ్చినా అంతే ఇయ్యి అన్నాడు. ఇంతకన్నా వాడు చెంప మీద కొడితే బాగుండేది. ఏ చెయ్యి పెట్టి అన్నని చంపిందో ఆ చేతికే ఇచ్చాడు వెర్రినాగన్న. తనే విసిరేద్దామని చెయ్యెత్తింది. విసిరేస్తే రేపు ఇంకోటి కొంటాడు, దానికి కొలత ఎవరు చూస్తారు? చెయ్యి దించేసింది. ఉండనీ ఆవాలనీ కలిపి కొంగున ముడేసుకుంది. పంతులుగారు అప్పటికే అటు తిరిగి పడవెక్కేశారు.

గట్టెక్కి ఊరి దారి పట్టారు. వాడు ముందు, తను వెనక. ఇంటిదాకా మాట్లాడడని తెలుసు, ఆ తర్వాత మాట్లాడతాడో లేదో తెలియదు. చేలల్లో నాట్లు వేస్తున్నారు, ఎక్కడో గట్టు మీద చంటిపిల్ల ఏడుస్తోంది. రత్తమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరగా నడిచింది, మూరెడు దూరం కూడా వదల్లేదు. దారిపొడుగునా వాడి ఊపిరి వింటూనే ఉంది.